మగరాయుడు

మొన్నొక ఆదివారం భోజనాలయ్యాక మా అమ్మాయి సెల్‌ఫోను తీసుకొచ్చి నాకూ మా అత్తగారికీ మధ్యన పెట్టి, "ఈ పరుగు చూడండి" అంది. 2021 ఆగస్టులో కెన్యా రాజధాని నైరోబీలో జరిగిన ప్రపంచ పోటీలట. ఇరవై ఏళ్ల లోపు పిల్లలవి. ఆడపిల్లల రెండు వందల మీటర్ల ఫైనలు.

పరుగు మొదలవకుండానే మా అత్తగారు తగువు పెట్టుకున్నారు. "అదేమిటే, ఆ బయటి పిల్లని అంత ముందు నిలబెట్టారూ? లోపలి పిల్ల ఏం పాపం చేసింది?"

మా అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. దారి వంపు తిరిగి ఉంటుంది కదా, లోపలి వరసలో పరిగెత్తేవాళ్లకి దూరం తగ్గుతుంది, బయటివాళ్లకి పెరుగుతుంది. అందుకని వరసవరసకీ మూడున్నర, నాలుగు మీటర్ల చొప్పున ముందుకి జరిపి నిలబెడతారు. అప్పుడే అందరికీ సరిగ్గా రెండు వందల మీటర్లు.

"అలా చెప్పు మరి! ఆకలిని బట్టి వడ్డన అన్నమాట" అని ఆవిడ సమాధానపడ్డారు.

ఫైనల్లో నమీబియా దేశపు పిల్లలిద్దరు ముందొచ్చారు. క్రిస్టీన్ ఎంబోమాది 21.84 సెకన్లు, బియాట్రిస్ మసిలింగిది 22.18. ఇద్దరికీ పద్ధెనిమిదేళ్లే. "పిల్లలు కారే, లేళ్లు" అన్నారు మా అత్తగారు కళ్లజోడు సర్దుకుంటూ.

అప్పుడు మా అమ్మాయి అసలు కథ విప్పింది. నిజానికి వాళ్ల పరుగు నాలుగు వందల మీటర్లట. ఆ ఏడాది జూన్ 30న పోలండులో ఎంబోమా ఆ దూరాన్ని 48.54 సెకన్లలో పరిగెత్తింది. ఇరవై ఏళ్ల లోపు ఆడపిల్ల ఎవరూ అంతవరకూ అంత వేగంగా పరిగెత్తలేదు. రెండు రోజులు తిరక్కుండానే వార్త వచ్చింది. పరీక్షలు చేస్తే పిల్లలిద్దరి ఒంట్లోనూ టెస్టోస్టెరాన్ అనే హార్మోను సహజంగానే ఎక్కువ ఉందని తేలింది, కనుక నాలుగు వందల మీటర్లకి ఒలింపిక్స్‌లో వీల్లేదు అని. 2018లో తెచ్చిన నిబంధన ప్రకారం నాలుగు వందల మీటర్ల నుంచి మైలు దాకా ఉన్న పరుగులకే ఆ అడ్డు. రెండు వందలకి లేదు. దాంతో పిల్లలిద్దరూ రెండు వందలకి మళ్లారు. ఆగస్టు 3న టోక్యో ఒలింపిక్స్‌లో ఎంబోమాకి వెండి పతకం వచ్చింది. నమీబియా ఆడవాళ్లకి ఒలింపిక్స్‌లో అదే మొదటి పతకం. ఆ తరవాత నైరోబీ.

మా అత్తగారు అంతా విని, "అయితే సగం దూరం పరిగెడితే ఆడపిల్లా, మొత్తం పరిగెడితే కాదూనా?" అన్నారు.

నవ్వబోయాను. నవ్వు రాలేదు. కాఫీ పెడతానని లేచి వంటింట్లోకి వచ్చాను. అక్కడ నా చెయ్యి ఇంగువ డబ్బా మీద పడింది.

ఆ డబ్బా కథ ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మీకు చెబుతున్నాను. చిన్న స్టీలు డబ్బా. మూత మీద చుక్కలు చుక్కలుగా 'వంద మీటర్లు – ప్రథమ బహుమతి' అని కొట్టి ఉంటుంది. పదో తరగతిలో నేను గెలిచింది. అంతకు ముందు రెండేళ్లూ నాది రెండో స్థానమే. మొదటి స్థానం మా క్లాసులోనే ఇంకో పిల్లది. పొడుగ్గా, ఎముకలు గట్టిగా ఉండేది. గొంతు కాస్త బొంగురు. పైపెదవి మీద నూగు. పరిగెడితే రెండు జడలూ వెనక్కి నిటారుగా లేచేవి. ఆ పిల్లకి మేం పెట్టిన పేరు 'మగరాయుడు'. పెట్టింది నేను కాదు. కానీ అందరికంటే ఎక్కువసార్లు పిలిచింది మాత్రం నేనే. ఓడిపోయినదాన్ని కదా, నాకు అవసరం ఎక్కువ.

పదో తరగతి ఆటల పోటీలనాడు ఆ పిల్ల గ్రౌండులోకి రాలేదు. చెట్టుకింద పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఏ నిబంధనా ఆమెని ఆపలేదు. మా నోళ్లే ఆపాయి. ఆ ఏడు స్టీలు డబ్బా నాకొచ్చింది.

కాబట్టి ఈ విషయంలో నేను నిష్పక్షపాతిని కాను. ఎంబోమా తరఫున వెంటనే వకాల్తా పుచ్చుకోవాలనిపించింది. పుచ్చుకున్నాను కూడా. కాఫీ గ్లాసులు అందిస్తూ, "భగవంతుడిచ్చిన ఒంటికి మనుషులు హద్దులు పెట్టడమేమిటి?" అన్నాను.

మా అమ్మాయి నావైపు జాలిగా చూసింది. "మరి నాలుగోది వచ్చిన పిల్ల సంగతేమిటమ్మా? ఆ పిల్లా తెల్లారుజామున లేచి పరిగెత్తిందే కదా?"

జవాబు లేక ఊరుకున్నాను. ఆలోచిస్తే అదీ నిజమే. మగవాళ్ల రెండు వందల మీటర్ల ప్రపంచ రికార్డు 19.19 సెకన్లు, ఉసేన్ బోల్ట్ 2009లో పెట్టింది. ఆడవాళ్లది 21.34, 1988లో ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ పెట్టింది. రెండు సెకన్ల పైచిలుకు తేడా. అందర్నీ కలిపి పరిగెత్తించి ఉంటే ఆ ఫ్లోరెన్స్ పేరు మనకి తెలిసేదే కాదు. ఆడవాళ్లకంటూ వేరే గీత గీసి ఉంచారు కాబట్టే ఆడపిల్లకి మెడలో పతకం పడుతోంది. ఆ గీతకి కాపలా ఉండకూడదని నేననలేను. వంపు దారిలో పిల్లల్ని ముందూ వెనకా నిలబెట్టినట్టే ఇదీ న్యాయం కోసమే గీసింది.

అయినా మనసు ఒప్పుకోదు. ఫిన్‌లాండులో ఈరో మాంటిరాంటా అని మంచు మీద స్కీయింగు చేసే ఆయన ఉండేవాడు. 1960ల్లో ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచాడు. పుట్టుకతో వచ్చిన జన్యువు మార్పువల్ల ఆయన రక్తంలో ఎర్రకణాలు మామూలు మనుషులకంటే చాలా ఎక్కువ ఉండేవని తరవాత తేలింది. ఆయన పతకాలు ఎవరూ తీసుకోలేదు. అదృష్టవంతుడన్నారు. మగవాడి ఒంట్లో విశేషం ఉంటే వరం, ఆడదాని ఒంట్లో ఉంటే విచారణ! రక్తాన్ని బట్టి పోటీలు విడదీయలేదు, ఆడా మగా అని విడదీశారు, అందుకే ఈ తేడా అని మా అమ్మాయి వాదన. తర్కానికి అదీ సరిపోతుంది. సరిపోనిది ఇంకొకటుంది. ఆ విచారణ జరిగిన తీరు.

1966లో బుడాపెస్టులో ఐరోపా పోటీలకి వచ్చిన ఆడవాళ్లని బట్టలు లేకుండా డాక్టర్ల ముందు నిలబెట్టి పరీక్షించారు. దేశానికి పేరు తేవడానికి వెళ్లిన ఆడపిల్లలు! తరవాత బుగ్గలోపలి కణాలు తీసి చూసే పరీక్ష వచ్చింది. ఆడదే అని ధ్రువపత్రం ఇచ్చేవారు. స్పెయిను దేశపు హర్డిల్స్ క్రీడాకారిణి మరియా హోసే మార్టినెజ్ పతీన్యో 1985లో జపాను పోటీలకి వెళ్తూ ఆ కాగితం ఇంట్లో మరిచిపోయింది. మళ్లీ పరీక్ష చేస్తే మగ క్రోమోజోము కనపడింది. సంగతి పత్రికలకెక్కింది. స్కాలర్‌షిప్పు పోయింది, రికార్డులు పోయాయి, పెళ్లాడవలసినవాడు వెళ్లిపోయాడు. తీరా చూస్తే ఆమె ఒంటికి ఆ మగ హార్మోనుని వాడుకునే శక్తే లేదు. అంటే దానివల్ల ఆమెకి ఒరిగిన లాభం ఏమీ లేదు. మూడేళ్లు పోరాడితే 1988లో అర్హత తిరిగి ఇచ్చారు. వయసూ పరువూ తిరిగి ఇవ్వడం ఎవరి తరం?

అంత దూరం పోనక్కర్లేదు. మన ద్యుతీ చంద్ సంగతి చూడండి. ఒడిశాలో చేనేత కుటుంబంలో పుట్టిన పిల్ల. 2014లో తైపేలో ఆసియా జూనియర్ పోటీల్లో రెండు వందల మీటర్లలో బంగారు పతకం తెచ్చింది. ఆ మరుసటి నెలలోనే ఒంట్లో హార్మోను ఎక్కువ ఉందని కామన్‌వెల్త్ క్రీడల జట్టులోంచి తీసేశారు. అప్పటికి ఆమెకి పద్ధెనిమిదేళ్లు. ఆమె పరీక్షల సంగతి దేశమంతా చర్చించింది. క్రీడల అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లి 2015లో ఆ నిబంధనని నిలిపివేయించింది. మన హైదరాబాదులోనే గోపీచంద్ అకాడమీలో సాధన చేసి 2018 ఆసియా క్రీడల్లో రెండు వెండి పతకాలు గెలిచింది.

ఇక్కడితో ఆపితే కథ అందంగా ఉంటుంది. కానీ నిజం చెప్పుకోవాలి. 2023లో అదే ద్యుతీకి నిషేధించిన మందులు ఒంట్లో కనపడ్డాయని నాలుగేళ్ల నిషేధం వేశారు. తెలియక జరిగిందని ఆమె తరఫు వాదన. ఆ సంగతి అలా ఉంచండి. నాకు తోచిందల్లా ఒకటే. ఒకే మనిషి రెండుసార్లు పరుగు ఆపవలసి వచ్చింది. రెండోసారి, ఒంట్లోకి ఏం వెళ్లిందన్నది ప్రశ్న. మొదటిసారి, ఒళ్లు ఎలా పుట్టిందన్నది ప్రశ్న. మొదటిదానిలో నేరం అన్న మాటకి చోటే లేదు. కానీ పత్రికలకీ, పక్కింటివాళ్లకీ, మనకీ రెండూ ఒకేలా వినపడ్డాయి. ఏదో మోసం బయటపడిందన్నట్టే చెప్పుకున్నాం.

నిబంధనలు రోజురోజుకీ బిగుస్తున్నాయి. 2023లో హార్మోను హద్దుని అన్ని దూరాలకీ వర్తింపజేశారు. కనుక నైరోబీ నాటి రెండు వందల మీటర్ల వెసులుబాటు ఇప్పుడు లేదు. 2025 సెప్టెంబరు నుంచి ప్రపంచ స్థాయి మహిళల పోటీల్లోకి రావాలంటే ఒకసారి జన్యుపరీక్ష చేయించుకోవాలి. అవి సరైనవో కావో శాస్త్రం తెలిసినవాళ్లు తేల్చుకోవాలి. కొందరికి దారి మూసుకుపోక తప్పదేమో కూడా. అలా అయితే ఆ మాట ముందు ఆ పిల్లకి చెప్పండి. తల్లిని పక్కన కూర్చోబెట్టి, తలుపు వేసి చెప్పండి. నీ తప్పేమీ లేదని అదే నోటితో చెప్పండి. ఎంబోమా సంగతి అంతకు ముందు ఆ పిల్లకిగానీ, ఇంట్లోవాళ్లకిగానీ, కోచ్‌కిగానీ తెలియదట. ఆ తరవాత ప్రపంచమంతటికీ తెలిసింది.

వాళ్లకి బుద్ధులు చెప్పేముందు మన ఇళ్లు చూసుకోవద్దూ? పిల్ల పొడుగైతే వరుడు దొరకడంటాం. గొంతు పెద్దదైతే తగ్గించమంటాం. ఈడొచ్చినా పెద్దమనిషి కాకపోతే ఆ సంగతి వీధి చివరిదాకా చెవులు కొరుక్కుంటాం. ఒంటి తీరుని నడవడికలో దోషంలా లెక్కగట్టడం ఆడవాళ్లమైన మనకి వచ్చినంత బాగా ఏ క్రీడాసంఘానికీ రాదు. నేను పద్నాలుగేళ్లకే నేర్చుకున్నాను.

ఆ సాయంత్రం డబ్బా పట్టుకెళ్లి మా అత్తగారికీ అమ్మాయికీ చూపించి జరిగింది చెప్పాను. మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "ఆవిడ పేరు గుర్తుందా అమ్మా?" అంది.

గుర్తుంది. ఇక్కడ మాత్రం రాయను. ఆ పిల్ల గురించి నలుగురిలో మాట్లాడిన మాటలు ఒకప్పటివే చాలు.

మా అత్తగారు డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలో పెట్టారు. "ఇప్పుడెక్కడ ఉందో ఆ పిల్ల?" అన్నారు.

"తెలియదత్తయ్యగారూ."

"తెలియదంటే ఎలా అమ్మాయ్? కనుక్కో" అన్నారావిడ.