ఒకే సత్యానికి ఒకే కాలం కావాలా?

అన్నంభట్టు తర్కసంగ్రహం ప్రకారం కాలం ఒక్కటే, అంతటా వ్యాపించినది, నిత్యమైనది. తాతగారి దగ్గర చదువుకునే రోజుల్లో ఆ మాట మీద నాకు సందేహం రాలేదు. సమాంతర గణన వృత్తి అయ్యాకే ప్రశ్న పుట్టింది: అందరికీ ఒకే 'ఇప్పుడు' లేని చోట అందరూ ఒకే సత్యాన్ని చేరగలరా?

ఉదాహరణకు, ఒక లోహపు పలక అంచుల్లో వేడి ఎంతో తెలుసు, లోపల ఎంతో కనుక్కోవాలి. పలకను గళ్లుగా విడగొట్టి ప్రాసెసర్లకు పంచుతాం. ప్రతి గడీ చుట్టూ ఉన్న నాలుగు గళ్ల సగటును తన విలువగా తీసుకుంటూ పోతుంది. మామూలుగా ప్రతి విడత చివరా అన్నీ ఆగి, అన్నిటికన్నా నెమ్మదైన ప్రాసెసర్ కోసం ఎదురుచూడాలి. 1969లో చజాన్, మిరాంకర్ ఆ నిరీక్షణ అక్కర్లేని పద్ధతిని పరిశీలించారు. పక్కనుంచి తాజా విలువ రాకపోతే పాతదానితోనే లెక్క సాగుతుంది. ఏ గడీ శాశ్వతంగా మానేయకూడదు, విలువల పాతదనానికి హద్దుండాలి. ఇవి కాక ఇంకో షరతుంది, నన్ను పట్టుకున్నది అదే. అందరూ కలిసి అడుగేస్తే ఒకచోటి ఎక్కువ, మరోచోటి తక్కువ ఒకదాన్నొకటి కొట్టేసుకోవచ్చు. ఎవరి అడుగు వాళ్లదైతే ఆ సర్దుబాటును నమ్ముకోలేం. అందుకని పక్క విలువలను గుణించే గుణకాల్లో రుణాలన్నిటినీ ధనాలుగా మార్చి చూసినా తప్పు తరిగిపోతూనే ఉండాలి. ఇది తీరకపోతే, ఏదో ఒక క్రమంలో లెక్క దారి తప్పుతుంది. పలక లెక్కలో గుణకాలన్నీ పావులే కాబట్టి గట్టెక్కుతుంది.

ఈ షరతు దగ్గర నేను చాలాసేపు ఆగుతాను. పక్కవాడి పొరపాటు నా పొరపాటును సర్దేస్తుందన్న ధీమా ఇక్కడ చెల్లదు. మిగతావాళ్ల తప్పులన్నీ ఒకే వైపు మొగ్గినా నా అడుగు తప్పును పెంచకూడదు. ధర్మం గురించి గణితంలో నాకు దొరికిన అతి స్పష్టమైన మాట ఇదే.

అయితే 1985లో ఫిషర్, లించ్, పాటర్సన్ ఒక గట్టి అడ్డుగోడ చూపించారు. సందేశాల ఆలస్యానికి హద్దు లేనప్పుడు, ఒక్క యంత్రం ఆగిపోయే అవకాశమున్నా చాలు, పాచికలు వేయకుండా అందరినీ ఒకే తుది నిర్ణయానికి తప్పక చేర్చే పద్ధతి ఉండదు. మౌనంగా ఉన్న యంత్రం ఆగిపోయిందో, ఆలస్యమవుతోందో చెప్పలేం. అలాంటి చోటే ఒకరికొకరు కోరినంత దగ్గరికి రావడం మాత్రం సాధ్యమని మరుసటి ఏడాదే డోలెవ్, లించ్ బృందం నిరూపించింది. పలకలోనూ ఏ గడీ 'ఇక అయిపోయింది' అననక్కర్లేదు. సత్యాన్ని సమీపించడానికి ఉమ్మడి కాలం అక్కర్లేదని, ఇదే చివరి మాట అని అందరిచేతా పలికించాలనుకున్నప్పుడే దాని అవసరం పడుతుందని నాకనిపిస్తుంది. ఆ చివరి మాట లేనిదే విశ్వాసం నిలవదనే మిత్రులు నాకున్నారు. వాళ్లతో వాదన ఇంకా సాగుతోంది. నేను సమీపించేవాళ్ల పక్షాన ఉన్నాను.