కనబడని మంచు

సూరతు నగరమున మంచు కురియదు. ఇచ్చటి తాపీనది హిమాలయ పుత్రికయు కాదు. మధ్యప్రదేశమున ముల్తాయీ యొద్ద పుట్టి వాననీటితో బ్రదుకు నది. తెలంగాణమునుండి వలసవచ్చి మరమగ్గములపై జీవించు తెలుగు నేతగాండ్రలో పెక్కురకు మంచు బొమ్మలలో చూచిన వస్తువే. తాను చూడని దానియెడ మనుష్యునకు బాధ్యత యుండునా?

చూడనిదెల్ల సంబంధము లేనిది కాదు. భారత వాతావరణ శాఖకు తొలి అధిపతియైన హెన్రీ బ్లాన్‌ఫర్డ్ 1884లో ఒక విషయము ప్రకటించెను: హిమాలయముపై మంచు మిక్కుటమైన యేడు నైరృతి వానలు మందగించును. తెల్లని మంచు సూర్యరశ్మిని త్రిప్పి పంపును, మిగిలిన వేడిమి దానిని కరిగించుటకే వ్యయమగును, నేల కాగదు, కాగని నేల సముద్రపు గాలిని బలముగా పిలువజాలదు. ఈ సంబంధము అన్ని యేండ్లును ఒకే తీరున నిలువదని తరువాతి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కాని పూర్తిగా త్రోసిపుచ్చలేదు.

నేడా మంచు తగ్గుచున్నది. 2025లో ఖాట్మండులోని పర్వతాభివృద్ధి కేంద్రము ప్రకటించిన లెక్కనుబట్టి, ఆ శీతకాలమున హిందూకుష్, హిమాలయ ప్రాంతములలో నేలపై మంచు నిలిచిన కాలము సాధారణముకంటె సుమారు 24 శాతము తక్కువ; 23 సంవత్సరములలో ఇదియే కనిష్ఠము.

ఇచ్చట ఒక తర్కము తలయెత్తును. మంచు తగ్గినచో వానలు హెచ్చునుగదా, తాపీ నిండునుగదా, మనకు నష్టమేమి? ఈ తలపు నాకును కలిగినదని ఒప్పుకొనుచున్నాను. హెచ్చిన నీరెల్ల లాభము కాదని 2006 ఆగస్టులో ఈ నగరము నేర్చుకొన్నది. ఉకాయి జలాశయమునుండి విడిచిన నీరు వీధులను ముంచివేసెను. అయినను భయమువలన పుట్టిన వివేకము ధర్మమనిపించుకొనదు. లాభము నిశ్చయమే యనుకొందము. వాన యెరుగని లడఖు రైతు వసంతమున కరిగిన మంచునీటితో యవలు పండించును. అతని నష్టము మన లాభమునకు వెల యగునా? ఇచ్చటి రంగుల కార్ఖానాలలో కాలు బొగ్గు పొగకు ఎల్లలు లేవు. ఆ రైతు తలపైనను ఉన్నది ఈ ఆకాశమే. మన చేత ఎంతదూరము పోవునో మన బాధ్యతయు అంతదూరము పోవలెను. చూపు దానికి కొలత కాదు.

నేతగాడు తన బట్టను కట్టువారిని ఎన్నడును చూడడు. అయినను పోగు తెగినచో మగ్గము నిలిపి ముడివేయును.