కదలికకు సాక్షి ఎవరు?

ఐదో నెల వచ్చినప్పటి నుంచీ మా అమ్మ రోజూ రాత్రి ఫోన్‌లో అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "కదలిక తెలిసిందా?" తెలిసిన రోజున కూడా నేను "ఇంకా లేదమ్మా" అన్నాను. మర్నాడూ అదే అన్నాను. అది పందొమ్మిదో వారం. లైబ్రరీలో కూర్చుని ప్రూఫులు దిద్దుకుంటుంటే పొత్తికడుపులో కన్ను అదిరినట్టయింది. కాసేపటికి మళ్లీ అదిరింది. నాకు తప్ప ప్రపంచంలో మరెవరికీ తెలియని విషయం అది. అమ్మతో ఎందుకు అబద్ధం చెప్పానా అని ఆలోచిస్తూ పోతే ఈ వ్యాసం దాకా వచ్చింది.

నెల తప్పిందని చెప్పిన దగ్గర్నుంచి నేను అందరి మనిషినయ్యాను. "ఒట్టిమనిషివి కావు" అని హెచ్చరించని వాళ్లు లేరు. ఎంత మామూలుగా అనేస్తాం ఆ మాట! అంటే అంతకుముందు నేను ఒట్టిదాన్నేనా? అమ్మ చలిమిడి తెచ్చింది. అత్తగారు మెట్లు ఎక్కొద్దంది. నా శరీరం గురించి అందరికీ తెలిసిన ఆ రోజుల్లో నాకొక్కదానికే తెలిసినది ఆ కదలిక ఒక్కటే.

తొలిచూలు వాళ్లకి ఇది 18 నుంచి 20 వారాల మధ్య తెలుస్తుంది. అంతకుముందు కన్నవాళ్లకి ఇంకాస్త ముందే. మాయ ముందువైపు ఉంటే ఆలస్యమవుతుంది. తెలియలేదని కంగారుపడనక్కర్లేదు, కానీ 24 వారాలు వచ్చినా తెలియకపోతే డాక్టరుకి చెప్పాలి.

స్త్రీ మాట తప్ప వేరే రుజువు లేని ఈ అనుభవాన్ని చట్టం ఏం చేసుకుందో చూడండి. 1860 నాటి భారత శిక్షాస్మృతి 312వ సెక్షన్ ప్రకారం గర్భస్రావం చేయించడానికి 3 ఏళ్ల వరకు జైలు. కడుపులో కదలిక వచ్చాక అయితే 7 ఏళ్ల వరకు. తనకు తాను చేసుకున్న స్త్రీ కూడా ఆ నేరం కిందికే వస్తుంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్‌లోనూ ఈ తేడా అలాగే ఉంది. ఆమె ఒక్కతే సాక్షి, ఆమే ముద్దాయి కూడా!

ఇప్పుడు కదలిక దాకా ఆగే పని లేదు, స్కానింగ్ ఉంది. 18 నుంచి 22 వారాల మధ్య బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్ అది. లోపలికి వెళ్లే ముందు, బిడ్డ ఆడో మగో తెలుసుకోవాలని నాకు లేదని సంతకం పెట్టాను. ఆడపిల్లల్ని పుట్టకముందే చంపుకున్న సమాజంలో 1994 నాటి ఆ చట్టం అవసరమనే నా నమ్మకం. సంతకం పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. బాధ కలిగించింది ఆ తర్వాత జరిగినది. డాక్టరు తెరని తనవైపే తిప్పుకుని చాలాసేపు చూసి, నా కడుపు మీద జెల్ ఇంకా తుడవకుండానే, తలుపు దగ్గరున్న నా భర్తని పిలిచి చెప్పారు: బిడ్డ మూత్రపిండం ఒకటి కాస్త ఉబ్బినట్టుంది, చాలావరకు తగ్గిపోతుంది, నాలుగు వారాల తర్వాత మళ్లీ చూద్దాం.

ఆ నాలుగు వారాలు నేను చట్టం చదువుకున్నాను. 1971 నాటి గర్భస్రావ చట్టం గడువు 20 వారాలు. అసలు లోపాలు బయటపడేదే ఆ స్కాన్‌లో కాబట్టి, సంగతి తెలిసేసరికి గడువు ముగిసేది. 2021 సవరణ కొన్ని వర్గాల స్త్రీలకు దాన్ని 24 వారాలకు పెంచింది. పిండంలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేలిస్తే ఆ గడువూ లేదు. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు పెళ్లికాని స్త్రీలను ఆ 24 వారాల నుంచి మినహాయించడం కుదరదంది. అయినా ఈ చట్టంలో ఎక్కడా "ఆమె అడిగితే చాలు" అన్న మాట లేదు. ఉన్నది డాక్టర్ల అభిప్రాయం.

2023 అక్టోబరులో, ఇద్దరు పిల్లల తల్లి ఒకామె 26 వారాల గర్భంతో అదే కోర్టుకి వెళ్లింది. కాన్పు తర్వాత వచ్చిన మానసిక అనారోగ్యానికి ఆమె మందులు వాడుతోంది. పాలిచ్చే తల్లి కావడంతో గర్భం సంగతి ఆలస్యంగా తెలిసింది. ఇద్దరు న్యాయమూర్తులూ స్త్రీలే. జస్టిస్ నాగరత్న ఆమె నిర్ణయమే ముఖ్యమన్నారు. జస్టిస్ హిమా కోహ్లీ ఒప్పుకోలేకపోయారు. చివరికి ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అనుమతి నిరాకరించింది.

ఆ ఇద్దరి మాటా నాలోనే ఉందని చెప్పడానికి నాకు సిగ్గులేదు. కదలిక తెలిశాక అది "పిండం" అన్న మాటకి లొంగలేదు. పైగా ఇంకో ముల్లు. లోపం ఉంటే గడువు లేదనడంలో, లోపంతో పుట్టేవాళ్ల బతుకు తక్కువదన్న తీర్పు లేదా? వికలాంగ స్త్రీలు మన ముందు పెట్టిన ఈ ప్రశ్నకి "నా శరీరం, నా హక్కు" అన్నది పూర్తి జవాబు కాదు. అలాగని ఆ బిడ్డని జీవితాంతం ఒంటరిగా మోయబోయే తల్లికి నీతి చెప్పే అర్హత, ఆ మోతలో చెయ్యి వెయ్యని వాళ్లకి ఎక్కడిది?

నేను చేరుకున్నది ఇంతవరకే. కదలిక ఒక బంధాన్ని పుట్టిస్తుంది. అది నిజం. కానీ ఆ బంధం నాకూ బిడ్డకీ మధ్యది. దాన్ని అప్పుపత్రంలా చూపించి నా నుంచి వసూలు చేసుకునే హక్కు కుటుంబానికీ రాజ్యానికీ లేదు. నిర్ణయం ఎంత బరువైనదో ఎక్కువ తెలిసేది మోసేదానికే కాబట్టి, అది ఆమె దగ్గరే ఉండాలి.

ఈ నెలల్లో "సిద్ధం కావడం" అంటే మనకి ఇచ్చే జాబితా పొడవైనది. రోజూ ఐరన్ మాత్ర, 180 రోజులు. కాల్షియం మాత్ర దానితో కలిపి వేసుకోకూడదు. 24 నుంచి 28 వారాల మధ్య గ్లూకోజు తాగి చక్కెర పరీక్ష. అన్నీ చేశాను, చెయ్యాలి కూడా. కానీ ఆ జాబితాలో పనులన్నీ నావే! 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. గంటల లెక్కన పాఠాలు చెప్పే నాకు, నేను పనిచేసే కాలేజీలో, ఆ మాట ఎత్తితే నవ్వారు. సిద్ధం కావాల్సింది నేనొక్కదాన్నేనా?

నాలుగు వారాల తర్వాత స్కాన్‌కి వెళ్లినప్పుడు "నాకే చెప్పండి" అన్నాను. డాక్టరు కాస్త ఆశ్చర్యపోయి నాకే చెప్పారు. వాపు తగ్గింది. తగ్గకపోయి ఉంటే ఏం చేసేదాన్నో ఇప్పటికీ తెలియదు. తగ్గింది కాబట్టి ప్రశ్న తీరిపోయిందని మాత్రం అనుకోను.

కదలిక సంగతి అమ్మకి మూడో రోజే చెప్పేశాను, రెండు రోజులు దాచానని కూడా. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు కదిలినప్పుడు నేను వారం దాచాను" అంది.