ఖాళీ గళ్లు

ఇందుకూరుపేట, మైపాడు వైపు రొయ్యల గుంటలకు ఏరేటర్ల కంట్రోల్ ప్యానెళ్లు చేసి ఇవ్వడం నా బతుకుతెరువు. లోపల ఉండేది 89ఎస్52 చిప్. ఇంటెల్ 1980లో తెచ్చిన 8051 సంతతి. ప్రోగ్రాముకు 8 కిలోబైట్లు, ర్యామ్ 256 బైట్లు. దానికి సీ భాషలో రాసే వీలు ఎప్పట్నుంచో ఉన్నా నేను అసెంబ్లీ వదల్లేదు. ఎందుకని అడిగినవాళ్లకు వేగం, పొదుపు అని చెబుతుంటాను. గట్టు మీద మోటారు ఆన్ చేయడానికి మైక్రోసెకన్ల వేగం దేనికి? ఆ జవాబు నా దగ్గరే నిలవదు.

అసలు ఇష్టం ఎక్కడుందో నాకు తెలుసు. ప్యానెల్‌కు ఆరు స్థితులు: కరెంటు లేదు, నిలకడ చూడటం, వరస స్టార్ట్, నడుస్తోంది, జనరేటర్, ట్రిప్. ప్రస్తుతం ఉన్న స్థితి సున్నా నుంచి ఐదు దాకా ఒక అంకెగా ర్యామ్‌లో ఉంటుంది. దాన్ని రెట్టింపు చేసి, డీపీటీఆర్ అనే రిజిస్టరులోని పట్టిక చిరునామాకు కలిపి, అక్కడికి దూకమనడమే. ఒక్కో స్థితికి రెండు బైట్ల ఏజంప్ ఆదేశం. మొత్తం పట్టిక 12 బైట్లు. మోటార్లన్నీ ఒకేసారి స్టార్టయితే ఒక్కోటీ మామూలు కంటే ఆరింతల దాకా కరెంటు లాగుతుంది కాబట్టి మధ్యలో ఆగుతూ వరసగా లేపాలి. ఆ సెకన్లను డిలే లూపుతో గడిపితే అంతసేపూ ఫేజ్ పోయినా చిప్‌కు పట్టదు. ఆగడాన్నీ ఒక స్థితిగా రాసి, టైమర్ ఇంటరప్ట్‌తో లెక్క తగ్గించుకుంటూ పోతే ఆగుతూనే అన్నీ గమనిస్తుంది. ఇదంతా అమరినప్పటి తృప్తి కోసం నేను రాత్రుళ్లు మేలుకుంటాను.

నిజానికి ఇది పనిలో సులువైన సగం. కష్టమంతా కాగితం మీదే. అడ్డంగా ఆరు స్థితులు; నిలువుగా ఐదు సంఘటనలు: కరెంటు రావడం, ఫేజ్ పోవడం, గడువు తీరడం, జనరేటర్ అందుకోవడం, రీసెట్ నొక్కడం. మొత్తం 30 గళ్లు. కొన్ని వాటంతటవే నిండుతాయి. మిగతావాటిలో ‘ఇలా జరగదు’ అని గీత గీసెయ్యాలనిపిస్తుంది. ఉప్పుగాలికి కాంటాక్టర్లు చిలుమెక్కే ఈ తీరంలో ఏది జరగదని చెప్పగలం? ఆ గళ్లు నింపాలంటే రాత్రంతా గట్టు మీదుండే మనిషిని అడగాలి. అడగాలంటే నాకు బెరుకు. నా చదువుకు అందని ప్రశ్న ఏదో ఎదురవుతుంది. అసెంబ్లీలోకి పోయి కూర్చుంటే అక్కడికెవరూ రారు. పొదుపు పేరు పెట్టి నేను దాచుకుంటున్నది ఆ ఏకాంతాన్ని.

ఒక గడి దగ్గర ఈ సంగతి బయటపడింది. కాంటాక్టరు స్పార్కుకు ర్యామ్‌లోని అంకె చెడి ఐదు దాటితే, ప్రోగ్రాము ఎక్కడికి దూకుతుందో చెప్పలేం. అందుకే దూకేముందు అంకెను సరిచూసి, తేడా ఉంటే సురక్షిత స్థితికి పంపాలి. నేను చదువుకున్న లెక్కలో సురక్షితమంటే రిలేలన్నీ ఆఫ్. ట్రిప్పయితే ఎవరో ఒకరు రీసెట్ నొక్కేదాకా కదలకూడదు. గీసిన పట్టిక చూపించి చెబుతుంటే ఒక రైతు ఆపాడు.

“మోటారు కాలితే పొద్దున చుట్టించుకుంటాం సార్. తెల్లారుజామున ఏరేటర్లు ఆగిపోతే రొయ్య తేలిపోద్ది. మీరు కాపాడేది దేన్ని?”

2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక గుంటల్లో రొయ్యల్ని ఒత్తుగా పెంచుతున్నారు. రాత్రంతా రొయ్యలూ, నీటిలోని ప్లాంక్టనూ ఆక్సిజన్ పీల్చుకుంటూనే ఉంటాయి. ఎండ పడేదాకా కొత్తది తయారవదు. అందుకే తెల్లవారుజామున అది అడుగంటుతుంది. మోటారుకు క్షేమమైన ఆఫ్, ఆ వేళ గుంటకు చావు. ఎవరి క్షేమమన్న ప్రశ్నకు జవాబు ఒక్క లైను అసెంబ్లీలో ఒదిగి కూర్చుంటుంది. నేను ఒంటరిగా రాసుంటే ఆ జవాబు ఎప్పుడూ మోటారు పక్షమే.

ఇప్పుడు అంకె చెడితే ప్యానెల్ ‘నిలకడ చూడటం’లోకి వెళ్తుంది. ట్రిప్ తర్వాత ఫేజులు కుదురుకుంటే తానే మళ్లీ వరస మొదలుపెడుతుంది. వెంటవెంటనే పడిపోతుంటే సైరన్ మోగించి మనిషిని పిలుస్తుంది. ఎన్నిసార్లు చూసి పిలవాలన్నది రైతు ఇష్టం. పట్టికను తెలుగులో రాసి ప్యానెల్ తలుపు లోపల అంటిస్తున్నాను, చదివినవాళ్లు నాతో వాదించడానికి వీలుగా. అసెంబ్లీ మాత్రం మానలేదు. గళ్లు నిండకముందే కోడు మొదలుపెడదామని మనసు లాగినప్పుడల్లా, ఈసారి ఎవర్ని అడగకుండా తప్పించుకుంటున్నావని నన్ను నేను నిలదీసుకుంటున్నాను.