జీతమెవరిస్తరు బిడ్డా?

సంక్రాంతికి మా అక్క కొడుకు సింగపూర్ నుంచి కరీంనగర్ వచ్చాడు. తెల్లబట్ట పరిచి అమ్మా నేనూ సకినాలు చుడుతుంటే వాడూ పీట వేసుకుని పక్కన కూర్చున్నాడు.

"ఇంతకీ నీ నౌకరేందిరా? ఎవరన్న అడిగితే నాకు చెప్పరాదు" అంది అమ్మ.

"కన్సల్టెంట్‌ని అమ్మమ్మా. ఒక దేశం కంపెనీ ఇంకో దేశంలో ఫ్యాక్టరీ పెడతానంటుంది. అక్కడి ప్రభుత్వం షరతులు దానికుంటాయి. ఇద్దరి నడుమ మాట్లాడి ఒప్పందం కుదురుస్తా."

"అంటే పెండ్లిళ్ల పేరయ్యవన్నట్టు!"

అందరం నవ్వాం. అమ్మ చెయ్యి మాత్రం ఆగలేదు. "జీతమెవరిస్తరు బిడ్డా?"

"ఒక్కోసారి కంపెనీ, ఒక్కోసారి ప్రభుత్వం."

"మరి ఎవరి దిక్కు మాట్లాడ్తవ్?"

వాడికి చప్పున జవాబు తోచలేదు. నేనే వకాల్తా పుచ్చుకున్నాను. కాగజ్‌నగర్ సిర్పూరు పేపరు మిల్లు 2014లో మూతపడింది. 2018లో జేకే పేపర్ వాళ్ల చేతికొచ్చాక మళ్లీ తెరుచుకుంది. ఆ నాలుగేళ్లూ అక్కడి ఇల్లాళ్లు కిరాణా కొట్టువాడికి ఏం చెప్పుకుని ఉంటారో మనం ఊహించుకోగలం. సర్కారు భాష వేరు, బ్యాంకు భాష వేరు, కంపెనీ భాష వేరు. ఒకరి మాట ఒకరికి చెప్పే మనిషి లేకపోతే అలాంటి గేట్లు తెరుచుకుంటాయా? అదేం తక్కువ పని కాదన్నాను.

అన్నానే గాని రాత్రి నిద్ర పట్టలేదు. నేనూ ఒకసారి పేరయ్య పని చేశాను మరి. మా సందులో పిల్లకి జగిత్యాల సంబంధం కుదిర్చాను. ఆ ఇంటి సంగతి ఈ ఇంటికి, ఈ ఇంటిది ఆ ఇంటికి ఒక్క అబద్ధం లేకుండా చెప్పాను. రెండు వైపులా నాకు చీరలు పెట్టారు. పిల్ల చాయ్ పళ్లెం పట్టుకొచ్చి పెట్టి లోపలికి వెళ్లింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది అప్పుడు. ఆ చదువేమవుతుందని నేనడగలేదు. అడగమని నాకెవరూ చెప్పలేదు కూడా.

అటూ ఇటూ దొర్లుతుంటే మన ఆదిలాబాద్ అడవులకొచ్చిన విదేశీ సలహాదారు గుర్తొచ్చాడు. హైమన్‌డార్ఫ్, ఆస్ట్రియా దేశస్థుడు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ని చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం సర్కారు ఆయన్ని పంపింది. యుద్ధకాలంలో బ్రిటిష్ వాళ్ల లెక్కలో ఆయన శత్రుదేశస్థుడు. తల దాచుకోనిచ్చింది నిజాం రాజ్యమే. 1945లో సర్కారు సలహాదారుగా కూడా వేసుకుంది. అలాంటి మనిషి సర్కారుకు నచ్చే నాలుగు ముక్కలు రాసి ఊరుకుంటే ఎవరు తప్పుపడతారు? ఆయన భార్య బెట్టీతో మార్లవాయిలో గుడిసె వేసుకుని గోండీ నేర్చుకున్నాడు. షావుకార్లు భూములెలా కాజేశారో, అటవీశాఖ ఊళ్లనెలా ఖాళీ చేయించిందో జీతమిచ్చిన సర్కారుకే నివేదిక ఇచ్చాడు. గోండులకు పట్టాలు ఇప్పించేదాకా వదల్లేదు. 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్ల శిక్షణ కేంద్రం మొదలైంది. సర్కారుకు కావలసింది మళ్లీ తిరుగుబాటు రాకపోవడమే కావచ్చు. ఆ అవసరాన్నే ఆయన గోండుల అవసరానికి వాడాడు. 1987లో బెట్టీ పోతే మార్లవాయిలోనే సమాధి చేశారు.

పొద్దున్నే ఇదంతా మావాడికి చెప్పాను. చాయ్ చల్లారిపోయేదాకా విన్నాడు.

"మా మీటింగుల్లో ఆ ఊరివాళ్లకి కుర్చీ ఉండదు చిన్నమ్మా" అన్నాడు మెల్లగా. "వాళ్ల పేరు కాగితాల మీద ఉంటుంది, అంతే."

"కుర్చీ వేయమని అడగొచ్చు కదరా?"

"అడిగితే మరుసటిసారి నన్ను పిలవరేమో." కాసేపాగి, "ఆ జగిత్యాల పిల్లని ఇప్పుడైనా అడిగావా?" అన్నాడు.

ఆ పిల్ల పండక్కి పుట్టింటికి వచ్చిందని తెలుసు. డబ్బాలో సకినాలు సర్దుకుని బయల్దేరాను. వాళ్ల గుమ్మం దాకా వచ్చినా ఏమని అడగాలో మాత్రం తోచలేదు.