రెండేళ్ళ మాట, డెబ్బై ఏళ్ళ తోట

నేటి పఠనం: యిర్మీయా 28:1–6, 29:4–11, కీర్తనలు 137

ఆరాంఘర్ చౌరస్తా మీదుగా సామాన్లతో పోయేవాళ్ళు రెండు రకాలు. బకెట్లు, బస్తాలు పక్కన పెట్టుకుని పాలమూరు, కర్నూలు బస్సుల కోసం ఎదురుచూసే కూలీలు ఒక రకం. పెద్ద పెద్ద సూట్‌కేసులతో కార్లలో శంషాబాద్ వైపు సాగిపోయేవాళ్ళు రెండో రకం. 2008లో విమానాశ్రయం, ఆ మరుసటేడు మెహిదీపట్నం నుంచి ఇక్కడికి ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక ఈ రెండో రకం మరీ ఎక్కువైంది. ఇంట్లో చెప్పి బయల్దేరే మాట మాత్రం ఇద్దరిదీ ఒకటే: "రెండేళ్ళు ఓపిక పట్టండి, వచ్చేస్తాం."

బైబిల్లో ఈ రెండేళ్ళ మాట హనన్యా అనే ఆయన చెప్పాడు. అదీ మందిరంలో, యాజకుల ముందు, జనమంతా వింటుండగా, దేవుడి పేరు మీద. బబులోనుకు చెరపోయినవాళ్ళు రెండేళ్ళలో తిరిగి వస్తారన్నాడు. యిర్మీయా వెంటనే కాదనలేదు, ముందు "ఆమేన్" అన్నాడు. అలా జరిగితే బాగుండునని ఆయనకూ ఉంది మరి. కానీ ఆయన బబులోనుకు పంపిన ఉత్తరంలో లెక్క వేరు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, వాటి ఫలాలు తినండి, పిల్లల పెళ్ళిళ్ళు చేయండి. డెబ్బై ఏళ్ళు పడుతుంది.

కొత్త సంవత్సరం రాత్రి ఆరాధనలో పంచే వాగ్దాన కార్డుల్లో, గోడ క్యాలెండర్లలో 29వ అధ్యాయం పదకొండో వచనం ఎన్నిసార్లు చూసి ఉంటామో! మన మేలు కోరే దేవుడి ఆలోచనల గురించిన వచనం. దాని పైనే ఉన్న పదో వచనం, ఆ డెబ్బై ఏళ్ళది, కార్డు మీద వేసినవాళ్ళను నేనైతే చూడలేదు. వేస్తే ఎవరు తీసుకుంటారు?

ఉత్తరం అందుకున్న ఆ చెరజనం గొంతే 137వ కీర్తనలోనూ వినిపిస్తుంది. బబులోను కాలువల ఒడ్డున కూర్చుని సీయోనును తలచుకుని ఏడ్చారు, సితారాలను చెట్లకు తగిలించేశారు. మన తెలుగు బైబిల్లో అవి నిరవంజి చెట్లు. కొమ్మలు నేలకు వేలాడే విల్లో చెట్టే అదనుకుని వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో ఆ విల్లోకు బబులోను పేరు తగిలించాడు. నిజానికి ఆ విల్లో చైనాది. కీర్తనలోని చెట్టు యూఫ్రటీసు ఒడ్డున మామూలుగా పెరిగే పాప్లర్ కావచ్చని వృక్షశాస్త్రం తెలిసినవాళ్ళు అంటారు. అది వంగే చెట్టు కాదు. చెట్టు ఏడుస్తున్నట్టు చిత్రకారులు వేశారు కానీ, ఏడ్చింది మనుషులు.

ఏడుస్తున్న ఆ మనుషులకే దేవుడు తోట వేయమన్నాడు. ఏడుపు ఆపాక వేయమనలేదు. ఈ పూట మనం నిలిచి చూడవలసింది ఇక్కడ.

చెట్టు మాట వచ్చింది కనుక చెబుతాను. కెనడాలోనో అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనో ఉన్న పిల్లలు పంపే ఫొటోల్లో ఒక్కోసారి ఇంటి ముందు లార్చ్ అనే చెట్టు కనబడుతుంది. సూది ఆకుల చెట్టే, కానీ చలికాలానికి ముందు ఆకులన్నీ బంగారు రంగుకు తిరిగి రాలిపోతాయి. కొమ్మలు వేలాడే రకాన్ని అందానికి పెంచుతారు. అది దానంతట అది పైకి లేవదు. నిటారు లార్చ్ కాండం మీద కావలసిన ఎత్తున అంటు కట్టాలి, లేదా ఊతకర్రకు కట్టి లేపాలి. లేకపోతే నేల మీదే పాకుతుంది. మన దేశంలోనూ సిక్కిం కొండల ఎత్తుల్లో దీని చుట్టం ఒకటి ఉంది, దాని రెమ్మలు పుట్టుకతోనే వేలాడతాయి. ఫొటో చూసిన అమ్మకు అలాంటిది తన వాకిట్లోనూ ఉంటే బాగుండుననిపించడం సహజం. అయితే లార్చ్‌కు నెలల తరబడి గట్టి చలి కావాలి. ఆరాంఘర్ మే నెల ఎండలో అది బతకదు.

ఇక్కడి చిన్న వాకిలికి వేలాడే కొమ్మలే కావాలంటే నా ఓటు బాటిల్ బ్రష్‌కు. వేలాడే ఫైకస్ కూడా అందమైనదే, కానీ దాని వేర్లు కాంపౌండ్ గోడనూ నీళ్ళ పైపులనూ బతకనివ్వవు. బాటిల్ బ్రష్ తూర్పు ఆస్ట్రేలియా వాగుల ఒడ్డున పుట్టిన చెట్టు. అదీ పరాయి నేలకు వచ్చిందే.

తొలకరి పడ్డాక నాటాలి. మన దగ్గర చాలా చోట్ల పైన కాస్త ఎర్రమట్టి, కింద మొరం, దాని కింద రాయి. గడ్డపార ఖంగుమంటుంది. అయినా రెండడుగుల లోతన్నా తవ్వి, మాగిన పశువుల ఎరువు కలిపి పూడ్చాలి. కాండం బలపడేదాకా ఊతకర్ర ఉండాలి, తాడు బిగించి కట్టకూడదు. మొదటి వేసవులు రెండూ నీళ్ళు తప్పకూడదు.

పూత రాలాక దాని కొమ్మను దగ్గరగా చూడండి. ఎర్రటి కేసరాలు రాలిపోయిన చోట బఠాణీ కన్నా చిన్నవైన గట్టి కాయలు బెరడును పట్టుకుని వరసగా మిగులుతాయి. కొమ్మ అక్కడ ఆగిపోదు. పువ్వు చివర నుంచే మెత్తని లేతాకులతో ముందుకు సాగి, మళ్ళీ పూస్తుంది. పాత కాయలు ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. కొమ్మను వెనక్కి తడుముకుంటూ వెళితే ఏ పూత ఎక్కడ పూసిందో వేలికి తెలుస్తుంది. తోట వేసుకున్నంత మాత్రాన చెరజనం సీయోనును మరిచిపోలేదు. మరిచిపోతే మరో తరం తిరిగి వెళ్ళి మందిరం మళ్ళీ కట్టేది కాదు.

హనన్యా మాట నమ్మినవాడు కుండీలతో సరిపెట్టుకుంటాడు. రెండేళ్ళకు చెట్టెందుకు? మన చుట్టూ ఎన్నో ఇళ్ళలో పై పోర్షన్‌కు తాళం వేసి ఉంటుంది, పిల్లలు వస్తే దిగడానికని. పిల్లలు వెళ్ళి పన్నెండేళ్ళు. ఏడాదికోసారి తాళం తీసి దుమ్ము దులుపుతారు. ఆ ఎదురుచూపు ప్రేమే, ఎగతాళి చేయరానిది. కానీ యిర్మీయా ఉత్తరం మన వీధికి వచ్చి ఉంటే, ఆ పోర్షన్ ఎవరికైనా అద్దెకివ్వండి అనే రాసి ఉండేవాడని నాకనిపిస్తుంది. కొత్తగా పెళ్ళయిన జంటకో, రాజేంద్రనగర్‌లో వ్యవసాయం చదువుకోవడానికి పల్లె నుంచి వచ్చిన పిల్లలకో. పిల్లలు వచ్చినప్పుడు హాల్లో పడుకుంటారు, ఏం కాదు.

ఉత్తరంలో అన్నిటికన్నా కష్టమైన మాట ఏడో వచనంలో ఉంది. తమను ఈడ్చుకొచ్చిన ఊరి క్షేమం కోసం ప్రార్థించాలట, దాని క్షేమంలోనే తమ క్షేమం ఉందట. వాకిట్లో చెట్టు గోడ దాటి వీధి మీదికి వేలాడుతుంది. నీడ నడిచిపోయేవాళ్ళదే, తేనెపిట్టలు అందరివీ. రాలిన ఎర్రటి పొట్టు పక్కింటి గేటు ముందు పడితే మాత్రం ఊడ్చవలసింది మనమే. ఊరి క్షేమం చాలామందికి చీపురు దగ్గర మొదలవుతుంది.

ప్రార్థన: ప్రభువా, దూరంగా ఉన్న మా వాళ్ళను నీ చేతికి అప్పగిస్తున్నాం. వాళ్ళు ఎప్పుడు వస్తారో తెలియని ఈ ఏళ్ళలో మా చేతులు ఖాళీగా ఉండనివ్వకు. మా వీధిలో పేరు కూడా అడగకుండా పదేళ్ళుగా పలకరించి పంపేస్తున్నవాళ్ళు ఉన్నారు. ఈరోజు వాళ్ళలో ఒకరి పేరు అడిగి తెలుసుకుని, ఆ పేరుతో నీ ముందు మోకరించే మనసివ్వు. ఆమేన్.