గురి నేర్పు గురువు

“పిల్లల చేతికి తుపాకి నిచ్చుట ధర్మమా?” అని కొందరు పెద్దలు ప్రశ్నింతురు. ప్రశ్న సమంజసమే, కాని అది సగము ప్రశ్న. బాలుని ప్రక్కన ఎవరు నిలిచియున్నారన్నది తక్కిన సగము.

పక్షిశాస్త్రవేత్త సలీం అలీ బాల్యమున బొంబాయిలో గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టెను. దాని కంఠమున పసుపు మచ్చ కనబడగా, అదేమి పక్షియో తెలిసికొనగోరి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పోయెను. కార్యదర్శి మిల్లర్డు ఆ బాలుని ఆదరించి, పక్షిని గుర్తించి, సంఘము భద్రపరచిన పక్షులను చూపెను. ఆ బాలుడే పెరిగి 1931-32లో హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసెను. అయినను చచ్చిన పిచ్చుక మరల లేవలేదు.

నేడు ఆ మూల్యము చెల్లింప నక్కరలేదు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ విద్యలో లక్ష్యమునకు ప్రాణము లేదు. దాని నడిమి చుక్క అర మిల్లీమీటరు మాత్రమే. ఊపిరిని, మనస్సును నిలుపలేనివానికి అది దొరకదు. హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సున కాంస్యము గెలిచినది ఇందులోనే.

ఈ విద్యలో మొదటి పాఠము కాల్చుట కాదు, కాల్చక ఆగుట. గొట్టమును ఎవరివైపునకును త్రిప్పరాదు. గురి కుదురువరకు ట్రిగ్గరుపై వ్రేలుంచరాదు. ఇది అలవడినవానిని అడవికి తోడ్కొని పోవుదము. అచ్చట వాని చేతిలో బైనాక్యులరే ఉండవలెను.